టాలీప్రైమ్: పద్దు రాసే చేతిని ఎరిగిన సాఫ్ట్‌వేర్

లెక్కల సాఫ్ట్‌వేర్లను సమీక్షించేవారు సాధారణంగా జీఎస్టీ రిటర్నులు, ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్లు, బ్యాంకు లెక్క సరిచూడటం అంటూ సదుపాయాల పట్టిక ఒకటి వేసి, ఉన్నవాటికి టిక్కు, లేనివాటికి ఇంటూ పెట్టి, అడుగున ధర రాసి ముగిస్తారు. ఆ పద్ధతిలో చూస్తే ఈనాడు బజారులో దొరికే సాఫ్ట్‌వేర్లన్నీ ఇంచుమించు ఒక్కలాగే కనిపిస్తాయి. అయినా బెంగళూరు చిక్‌పేట, మామూల్‌పేట, అవెన్యూ రోడ్డు సందుల్లోని టోకు కొట్లలో, హిందూపురం, మదనపల్లె, ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చి తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న మన తెలుగువారి గల్లాపెట్టెల పక్కన, లెక్కల కంప్యూటరు మీద నాకు ఎక్కువగా కనిపించేది టాలీ అనే సాఫ్ట్‌వేరే, దాని ఇప్పటి రూపం పేరు టాలీప్రైమ్. అలాంటి కొట్లకు లెక్కలు చూసిపెట్టడం నా వృత్తి. టాలీ ఇంతకాలం నిలవడానికి కారణం ఏ ప్రకటనలోనూ చెప్పని చిన్న చిన్న ఏర్పాట్లలో ఉందని నా అభిప్రాయం. ఈ సమీక్ష వాటిని గురించే కనుక జీఎస్టీ భాగం జోలికి పోవటం లేదు.

టాలీ పుట్టింది బెంగళూరులోనే. మిల్లులకు ముడిసరుకు, యంత్రభాగాలు సరఫరా చేసే శ్యాంసుందర్ గోయెంకా, తన వ్యాపారానికి తగిన లెక్కల సాఫ్ట్‌వేర్ దొరకకపోవడంతో, కొడుకు భరత్‌నే ఒకటి తయారుచేయమన్నారు. 1986లో మొదలైన ఆ సంస్థ పేరు ప్యూట్రానిక్స్. 1999లో అది టాలీ సొల్యూషన్స్ అయింది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అదే సంవత్సరం నవంబరులో, 2009 నుంచి వాడుకలో ఉన్న టాలీ ఈఆర్‌పీ 9 స్థానంలో టాలీప్రైమ్ విడుదలైంది. ఈ చరిత్రలో మన విషయానికి పనికొచ్చే అంశం ఒకటుంది. తొలినాటి లెక్కల సాఫ్ట్‌వేర్లలో ఒక్కో ఖాతాకు ఒక్కో కోడు ఇచ్చి, పద్దు రాసేటప్పుడు ఆ కోడు కొట్టడం మామూలు. టాలీ ఆ కోడులను తీసివేసి, ఖాతాను పేరుతోనే పిలిచే వీలు కల్పించింది. రోజువారీ చిట్టా, ఖాతాల పుస్తకమైన ఆవర్జా చేత్తో రాసిన గుమాస్తాకు పేర్లే గుర్తుంటాయి. ఆయన అలవాటుకు యంత్రం తలవంచిన ఆ మొదటి నిర్ణయం నీడ తరవాతి ఏర్పాట్లన్నిటి మీదా పడింది.

ముందుగా తేదీ సంగతి చూడాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే ఆలోచించి చేసిన చోటు అదే. పద్దు రాసే తెరలో ఎఫ్ 2 నొక్కితే తేదీ మార్చవచ్చు. అక్కడ 5 అని ఒక్క అంకె కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, నడుస్తున్న నెలను, సంవత్సరాన్ని టాలీయే చేర్చుకుంటుంది. నెల మారితే 5-6 అని కొట్టవచ్చు. అడ్డుగీతకు బదులు చుక్క పెట్టినా, ఏటవాలు గీత పెట్టినా కోపగించుకోదు. తెర మీద మాత్రం నెలను అంకెగా చూపదు, ఇంగ్లీషు అక్షరాల్లో జూన్ అని చూపిస్తుంది కనుక, జూన్ అయిదా మే ఆరా అనే అనుమానానికి తావుండదు. కొట్టేటప్పుడు మనిషికి వీలుగా, చూపేటప్పుడు కంటికి స్పష్టంగా ఉండాలన్న ఈ తేడాను గుర్తించని సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఒక పద్దు ఆమోదించాక తరువాతి పద్దు అదే తేదీతో, అదే రకంతో తెరుచుకుంటుంది. ఒక రోజు బిల్లుల కట్టను వరుసగా ఎక్కించేవారికి ఇంతకంటే కావలసింది లేదు.

ఇవి వేగానికి సంబంధించినవి. తేదీ కింద చిన్న అక్షరాల్లో ఆ రోజు వారం పేరు ఉంటుంది. నేను ఎక్కువగా మెచ్చుకునేది దాన్ని. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని అలంకారం అనుకుంటారు. నేను లెక్కలు చూసే ఒక చీరల కొట్టులో, బీకాం పూర్తిచేసి అనంతపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేత్తో రాసిన కొనుగోలు బిల్లులను ఎక్కిస్తూ, మధ్యలో ఆగి యజమానిని అడిగింది.

"శెట్టిగారూ, ఈ బిల్లు తేదీ ఆదివారం చూపిస్తోందండీ. ఆ రోజు మనం కొట్టు తియ్యలేదు కదా?"

ఆయన కళ్లజోడు నుదుటి మీదకు జరిపి కాగితాన్ని దగ్గరగా పట్టుకున్నారు. "పన్నెండు కాదమ్మా, పదమూడు. వాడి మూడు ఎప్పుడూ ఇంతే, రెండులాగే రాస్తాడు."

తేదీ తప్పని ఆ సాఫ్ట్‌వేర్ హెచ్చరించలేదు, ఎర్ర పెట్టె ఏదీ తెర మీదకు విసరలేదు, పని ఆపలేదు. కొట్టు ఏ రోజు మూసి ఉంటుందో దానికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఆ సంగతి తెలిసిన మనిషి కళ్ల ముందు వారం పేరు ఉంచి ఊరుకుంది. తప్పు పట్టుకునే తెలివిని మనిషికే వదిలి, దానికి కావలసిన ఆధారాన్ని సరైన చోట పెట్టడం చాలా అరుదైన గుణం. మాటిమాటికీ హెచ్చరించే సాఫ్ట్‌వేర్లలో ఆ హెచ్చరికలను ఎవరూ చదవరు. సరే అనే బటను నొక్కేసి ముందుకు పోతారు.

ఖాతా పేరు కింద ప్రస్తుత నిల్వ కనిపించడం కూడా ఈ జాతికే చెందుతుంది. శ్రీ వెంకటేశ్వర అని మొదలయ్యే పేరున్న కొట్లు మన బజారులో ఎన్ని ఉంటాయో చెప్పనక్కరలేదు. జాబితాలో ఒకదానికి బదులు పక్కదాన్ని ఎంచుకున్నప్పుడు, పేరు చూసి తప్పు కనిపెట్టడం కష్టం. కాని లక్షల్లో బాకీ ఉండవలసిన పార్టీ కింద మూడు వందల జమ కనిపిస్తే రోజూ ఆ లెక్కలు చూసే మనిషి చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

ఇక చేతి సంగతి. టాలీలో ఎంటర్ నొక్కితే తరువాతి గడికి, బ్యాక్‌స్పేస్ నొక్కితే వెనకటి గడికి పోతాము. అంకెల మీటలు, వాటి పక్కనే ఎంటర్, అన్నీ కీబోర్డు కుడి చివరన ఉంటాయి కనుక, అలవాటైన మనిషి కుడి చేతితో మొత్తాలు కొడుతూ ఎడమ చేతితో బిల్లులు తిప్పుతూ పోతాడు. మౌసు ముట్టుకోవలసిన పని పడదు. మెనూలో ఒక్కో మాటలో ఒక అక్షరం వేరుగా తేలి కనిపిస్తుంది. ఆ ఒక్క అక్షరం నొక్కితే చాలు. వి నొక్కితే వోచర్లు, అంటే పద్దులు రాసే తెర, బి నొక్కితే బ్యాలెన్స్ షీటు, పి నొక్కితే లాభనష్టాల ఖాతా. వోచర్ల తెరలో నగదు, బ్యాంకుల మధ్య మార్పిడి రాసే కాంట్రాకు ఎఫ్ 4, చెల్లింపుకు ఎఫ్ 5, వసూలుకు ఎఫ్ 6, నగదు, బ్యాంకు జోలి లేని సర్దుబాట్లు రాసే జర్నల్‌కు ఎఫ్ 7, అమ్మకానికి ఎఫ్ 8, కొనుగోలుకు ఎఫ్ 9. తెర కుడి అంచున ఈ మీటల పట్టీ ఎప్పుడూ ఉంటుంది, చేస్తున్న పనిని బట్టి మారుతుంది. మౌసుతో దాన్ని నొక్కేవారు నొక్కుతూనే మీట పేరు చదువుతారు. నెమ్మదిగా మౌసు మానేస్తారు. వేరే పాఠం చెప్పకుండానే నేర్పే ఈ పట్టీ నాకు నచ్చింది. కాని మీట పేరు అడుగున ఉండే గీతలు ఒకటా రెండా అనే దాన్ని బట్టి ఆల్ట్‌తో నొక్కాలో కంట్రోల్‌తో నొక్కాలో తెలుసుకోవాలన్న నియమం మరీ సూక్ష్మం. ఏళ్లుగా టాలీ వాడుతున్నవారిలోనూ ఆ గీతలను గమనించనివారు నాకు తగిలారు.

జర్నల్ పద్దు ఒకటి రాసి చూస్తే లెక్కలు తెలిసినవారే దీన్ని తయారుచేశారని అర్థమవుతుంది. డెబిట్ వైపు ఒక ఖాతాకు 7,350, మరొక ఖాతాకు 1,150 రాశామనుకుందాం. క్రెడిట్ చేయవలసిన ఖాతా పేరు ఎంచుకోగానే మొత్తం రాసే గడిలో 8,500 ముందే పడి ఉంటుంది. సరైతే ఎంటర్, కాకపోతే దాని మీదే కొట్టుకోవచ్చు. రెండు వైపులా సరితూగగానే కొత్త వరుస అడగడం మాని, నేరుగా వివరణ గడిలోకి తీసుకుపోతుంది. అక్కడ కంట్రోల్+ఆర్ నొక్కితే అదే రకం వెనకటి పద్దులోని వివరణ మళ్లీ వస్తుంది. నెలాఖరున ఒకే మాట ఎన్నో పద్దుల్లో రాయవలసినవారు దీనికి రుణపడి ఉంటారు. సరితూగకుండా పద్దు ముగించే దారి లేదు. జమాఖర్చు శాస్త్రంలోని మూలసూత్రాన్ని హెచ్చరికగా రాయకుండా తెర నడకలోనే ఇమిడ్చారు.

ఆల్ట్+సి అనే మీటను గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే డిజైన్ పుస్తకాల లెక్క ప్రకారం అది తప్పు, వాడకంలో మాత్రం ఒప్పు. ఖాతా పేరు గడిలో ఉండగా దాన్ని నొక్కితే కొత్త ఖాతా తెరిచే తెర వస్తుంది. పేరు, గ్రూపు రాసి కంట్రోల్+ఎ నొక్కగానే, సగంలో వదిలిన పద్దులోకే తిరిగి వచ్చి, కొత్త ఖాతా ఆ గడిలో కూర్చుని ఉంటుంది. అదే మీటను మొత్తం గడిలో నొక్కితే లెక్కల యంత్రం తెరుచుకుంటుంది. ఒకే చెల్లింపుకు చెందిన మూడు చీటీలను 1,240, 865, 2,310 అని అక్కడే కూడి ఎంటర్ నొక్కితే 4,415 గడిలోకి వస్తుంది. ఒకే మీటకు రెండు అర్థాలు ఉండకూడదంటారు. కాని పేరు గడిలో కూడవలసింది ఏమీ లేదు, మొత్తం గడిలో కొత్తగా సృష్టించవలసింది ఏమీ లేదు. ఆ చోట మనిషికి కావలసింది ఏదో ఒక్కటే కనుక తికమక రాదు. బల్ల మీద క్యాలిక్యులేటరు పెట్టుకుని, దానిలో వచ్చిన అంకెను చూసి మళ్లీ కీబోర్డు మీద కొట్టేటప్పుడే అంకెలు తారుమారవుతాయి. ఆ ఒక్క దూరాన్ని తగ్గించడంలోనే ఈ ఏర్పాటు విలువంతా ఉంది.

టాలీప్రైమ్ కొత్తగా తెచ్చినవాటిలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఆల్ట్+జి. పద్దు సగంలో ఉండగా ఫోను మోగుతుంది. అవతలి పార్టీ తన బాకీ ఎంతో చెప్పమంటాడు. కొట్టులో ఇది గంటకోసారి జరిగే పని. ఆల్ట్+జి నొక్కి కావలసిన రిపోర్టు పేరులో నాలుగక్షరాలు కొట్టి, ఆ పార్టీ ఖాతా తెరిచి, జవాబు చెప్పి, ఎస్కేప్ నొక్కుతూ వెనక్కి వస్తే సగం పద్దు విడిచిన చోటే, విడిచిన గడిలోనే ఉంటుంది. ఇంటర్నెట్ మీద నడిచే లెక్కల సేవ ఒకదాన్ని, పేరు అనవసరం, ఒక కొట్టులో కొంతకాలం వాడించాను. దాని తెరలు అందంగా ఉండేవి, రంగులు కంటికి చల్లగా ఉండేవి. కాని బిల్లు సగంలో ఉండగా వేరే పేజీకి పోతే రాసిందంతా పోయేది. తేదీ మార్చాలంటే ప్రతిసారీ క్యాలెండరు తెరిచి, మౌసుతో అంకెను వెతికి నొక్కాలి. దాన్ని చూపించడానికి వచ్చినవారు మాకు ఒకే ఒక్క బిల్లు చేసి చూపారు. ఒక్క బిల్లుకు అది టాలీ కంటే సులభమే. తేడా తెలిసేది సాయంత్రానికి బిల్లుల కట్ట ముందుకు వచ్చినప్పుడు.

రిపోర్టుల విషయంలోనూ ఇదే బుద్ధి కనిపిస్తుంది. బ్యాలెన్స్ షీటులోని ఏ అంకె మీదనైనా ఎంటర్ నొక్కితే దాని లోపలి గ్రూపు, అక్కడి నుంచి ఖాతా, నెలవారీ మొత్తాలు, ఆ నెలలోని పద్దులు, చివరకు అసలు పద్దు దాకా దిగవచ్చు. ఎస్కేప్ నొక్కితే వచ్చిన దారినే, వెళ్లిన వరుస మీదికే తిరిగి చేరతాము. ఆడిటరు ఒక అంకె మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగినప్పుడు అదే తెరలో జవాబు దొరుకుతుంది. రిపోర్టులో ఒక వరుసను తాత్కాలికంగా దాచి చూసుకునే వీలుంది. ఆల్ట్+యు నొక్కితే అది తిరిగి వస్తుంది, లెక్కలో ఏమీ చెరగదు. కామాలు లక్షల పద్ధతిలో పడతాయి, బిల్లు మీద మొత్తం అక్షరాల్లో లక్ష అనే వస్తుంది. ఇది మామూలు సంగతే కదా అనిపించవచ్చు గానీ, పరదేశపు సాఫ్ట్‌వేర్లలో మిలియన్ల కామాలను మార్చుకోలేక తంటాలు పడినవారికి దాని విలువ తెలుసు.

లోపాలు లేకపోలేదు. ఇంత చక్కని ఏర్పాట్లు ఉన్నాయని కొత్త మనిషికి చెప్పే ప్రయత్నం సాఫ్ట్‌వేర్‌లో తక్కువ. ప్రతి తెరకూ ఎఫ్ 12 కింద అమరికలు విడిగా ఉంటాయి. అక్కడ ఒక అవును, ఒక కాదు మారిస్తే పద్దు తెర రూపమే మారిపోతుంది. ఎవరు ఏది మార్చారో తెలియక పక్క కంప్యూటరులో ఉన్న గడి ఈ కంప్యూటరులో ఎందుకు లేదని తల పట్టుకోవలసి వస్తుంది. ఆమోదించిన పద్దును వెంటనే వెనక్కి తీసుకునే వీలు లేకపోవడం ఇంకా పెద్ద లోటు. జీమెయిల్ పంపిన ఉత్తరాన్ని 30 సెకన్ల వరకు ఆపుకునే వీలును 2015లోనే అందరికీ ఇచ్చింది. టాలీలో మాత్రం పొరపాటున ఎంటర్ నొక్కినవారు ఆ పద్దును మళ్లీ తెరిచి దిద్దుకోవాలి. ఆల్ట్+డితో తొలగిస్తే, అవునా కాదా అని అడిగి తొలగించేస్తుంది. అయితే ఆల్ట్+ఎక్స్ అనే రద్దు వేరుగా ఉంది, దాన్ని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. రద్దు చేసిన బిల్లు తన వరుస సంఖ్యతో సహా పుస్తకంలోనే ఉంటుంది, దాని సొమ్ము మాత్రం లెక్కలోంచి పోతుంది. కాగితపు బిల్లు పుస్తకంలో చెడిన బిల్లును చించకుండా అడ్డంగా గీత కొట్టి ఉంచే మన ఆచారాన్ని అలాగే తెచ్చారు. కొత్తవారికి మొదటిరోజే ఆల్ట్+డి జోలికి పోవద్దని, ఆల్ట్+ఎక్స్ వాడమని చెప్పడం మంచిది.

ఈఆర్‌పీ 9 నుంచి ప్రైమ్‌కు మారినప్పుడు ఎఫ్ 4 నుంచి ఎఫ్ 9 వరకు మీటలను కదపకపోవడం వివేకం. కాని అమ్మిన సరుకు తిరిగొస్తే రాసే క్రెడిట్ నోటు కంట్రోల్+ఎఫ్ 8 నుంచి ఆల్ట్+ఎఫ్ 6కు, కొన్న సరుకు తిప్పిపంపితే రాసే డెబిట్ నోటు కంట్రోల్+ఎఫ్ 9 నుంచి ఆల్ట్+ఎఫ్ 5కు మారాయి. సరుకు తిరుగు రావడం బట్టల వ్యాపారంలో నిత్యం ఉండేదే. ఏళ్ల తరబడి వేళ్లకు అలవాటైన చోటును మార్చినందుకు సీనియర్ గుమాస్తాలు విసుక్కోవడం న్యాయమే. మునుపు అమ్మకం మీటకు కంట్రోల్ చేర్చితే అమ్మకపు వాపసు వచ్చేది. ఆ పొత్తు ఇప్పుడు లేదు. దీనికి నాకు తృప్తికరమైన కారణం కనిపించలేదు.

కంపెనీగా నమోదైన సంస్థలు ఒక విషయం గమనించాలి. లెక్కల్లో చేసిన ప్రతి మార్పునూ నమోదు చేసే, ఆ నమోదును ఆపడానికి వీలులేని సాఫ్ట్‌వేర్‌నే వాడాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అందుకు టాలీప్రైమ్ ఎడిట్ లాగ్ అనే రూపం విడిగా ఉంది. సొంత పేరున కొట్టు నడిపేవారికి ఆ నిర్బంధం లేదు. లైసెన్సుల్లో సిల్వర్ ఒక్కరు వాడేందుకు, గోల్డ్ ఒకే ఆఫీసులో పలువురు వాడేందుకు. ఒక గుమాస్తా, ఒక కంప్యూటరు ఉన్న కొట్టుకు సిల్వర్ సరిపోతుంది. రోజుకు నాలుగైదు బిల్లులు మించనివారు, ఫోనులోనే అన్నీ చూసుకోవాలనుకునేవారు టాలీ కోసం శ్రమపడనక్కరలేదు. వారికి ఇందులోని సుఖం అందదు, కష్టం మాత్రం అందుతుంది.

మిగిలినవారు కొనే ముందు ఎడ్యుకేషనల్ మోడ్‌లో పెట్టి చూడవచ్చు. దానికి డబ్బు కట్టనక్కరలేదు. పద్దులు మాత్రం నెలలో 1, 2, 31 తేదీలకే రాయనిస్తుంది. నేర్చుకునేవారికి పనిముట్లన్నీ చేతికిచ్చి, ఉచితంగా వ్యాపారం నడపకుండా తేదీ దగ్గర ఒక్క ముడి వేయడం కూడా తెలివైన ఏర్పాటే. ఆ పరీక్ష యజమాని కూర్చుని చేయకూడదు. రోజూ పద్దులు రాసే మనిషిని కూర్చోబెట్టి, పాత బిల్లుల కట్ట ఒకటి ఇచ్చి, అన్నిటినీ ఒకటో తారీఖుకే వేయమని చెప్పి, కట్ట పూర్తయ్యేదాకా పక్కన నిలబడి మౌసు మీదికి చెయ్యి ఎన్నిసార్లు పోతోందో చూస్తే చాలు.